మాటలు దొరకని వీడియోలు

గంగన్న ధర్మవరం స్టేషన్‌లో తప్పిపోయి ఏడు నెలలైంది. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషికి రెండేళ్లుగా మతిమరుపు ముదిరి, సొంత వీధి కూడా గుర్తుండేది కాదు. ఆ రోజు కూతురు అరుణ ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి టికెట్ల వరుసలో నిలబడింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి చూసేసరికి బెంచీ ఖాళీ. ఆ కాసేపట్లో రెండు బండ్లు వచ్చి వెళ్లాయి. ఏదైనా ఎక్కాడో, నడిచే పోయాడో చూసినవాళ్లు లేరు.

అరుణ హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. పోలీసులకు చెప్పింది, గోడలకు ఫోటోలు అంటించింది. ఆదివారం వస్తే పెనుకొండ మీదుగా బస్సులో ధర్మవరం వెళ్లి, స్టేషనంతా తిరిగి సాయంత్రానికి వచ్చేది.

పై వాటాలో ఉండే ధనుంజయ ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఒకరోజు అతనే అన్నాడు.

"అక్కా, దిక్కులేనోళ్లను పెట్టుకునే ఆశ్రమాలోళ్లు దినమూ వీడియోలు పెడతాండారు. క్షవరం చేయిస్తారు, స్నానం చేయిస్తారు, పేరేమి ఊరేమి అని అడుగుతారు. అన్నీ మనం చూడాలంటే అయ్యే పని కాదు. ఏఐ ఏజెంటుతో వెతికిద్దాం."

"అదెట్ల చూస్తాది?"

"అది చూడదక్కా, చదువుతాది. వీడియోలో మాట్లాడిన మాటలన్నీ అక్షరాలుగా తెచ్చి దానికిచ్చే టూల్ ఒకటుండాది. గంగన్న, మగ్గం, ధర్మవరం, నీ పేరు, ఇవి యాడ కనపడినా మనకు చెప్తాది."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే అరుణ ఫోన్‌కు ఒక లిస్టు వచ్చేది. మొదటి నెలలో ఒక గంగన్న దొరికాడు, కదిరి దగ్గర గొర్రెలు కాచినవాడు. మగ్గం గురించి చెప్పిన ముసలాయన చీరాలవాడు. లిస్టు అడుగున మాత్రం ఎప్పుడూ ఒక వరుస ఉండేది: మాటలు దొరకని వీడియోలు, అరవై మూడు. తర్వాత తొంభై. తర్వాత నూట ఇరవై.

"ఇవేంటివి ధనుంజయా?"

"అవి పాటలు పెట్టినవిలేక్కా. వాటికి అక్షరాలు రావు. వాటిల్లో మాట్లాడేది కూడా తక్కువే. కావాలంటే ఒకసారి చూడు."

ఆమె చూసింది. నాలుగే చూసింది. తల వంచుకుని ఏడుస్తున్న ముసలివాళ్లు, మీద దరువుల పాట. ఐదోది తెరవడానికి చెయ్యి రాలేదు. పొద్దంతా మిషను తొక్కి వచ్చిన ఒళ్లు, రేపు చూద్దామనుకుంది. ఆ రేపు రాలేదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ ధనుంజయ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. ఆ మిగిలిపోయిన వీడియోల్లోంచి పాటను తీసేసి, మాటను విని రాసే ఏర్పాటు వారం కిందటే చేశాడట. ఫోన్‌లో ఒక వాక్యం చూపించాడు, అందులో అరుణ కరుణగా పడింది.

"మా కరుణ ఇందూపురంలో ఉండాది పోను చేస్తే వస్తాది."

తర్వాత వీడియో పెట్టాడు. గుండు చేయించుకున్న ఆ ముఖాన్ని ఆమె గుర్తుపట్టలేదు. ఒళ్లో ఉన్న చెయ్యిని గుర్తుపట్టింది. తెగిన పోగు అతికేవాడిలా బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా ఆడుతోంది.

"ఇది ఎప్పటిది?"

"ఆర్నెల్ల కిందటిది. మొదటి లిస్టులోనే ఉందక్కా, అడుగున." అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆశ్రమం పెనుకొండలో."

ఇద్దరూ అప్పటికప్పుడు బస్సెక్కారు. ఆమె ప్రతి ఆదివారం దాటిపోయిన రోడ్డు పక్కనే ఉంది ఆ ఆశ్రమం. వాకిట్లో ఎస్తేరమ్మ అనే పెద్దావిడ కూరగాయలు తరుగుతోంది. అక్కడి ముసలివాళ్లను చూసుకునేది ఆమే. ఫోన్‌లో ముఖం చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

"నువ్వేనా అరుణ? కూర్చోమ్మా."

"మా నాయన యాడుండాడు?"

"పోయిన నెల జ్వరం తగిలింది. మూడు దినాలుండె, అంతే." ఎస్తేరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీ పేరే చెప్తాండె తల్లీ. హిందూపురం అంటాండె. అంత ఊర్లో ఏ అరుణ అని అడిగేది? వీడియో పెట్టినాం కదా, చూసినోళ్లు వస్తార్లే అనుకుంటిమి."

ఎస్తేరమ్మ వాళ్లను ఊరి చివర, కొండ కింద ఉన్న శ్మశానానికి తీసుకుపోయింది. కొత్తగా మట్టి పోసిన దిబ్బలు మూడు కనిపించాయి. పేర్లు లేవు, రాళ్లు లేవు.

"ఏది?" అంది అరుణ.

"ఆ వారం ముగ్గురు పోయినారు. నేను సెలవులో ఉంటి. మున్సిపాలిటీవోళ్లు పూడ్చిపోయినారు, వరుస రాసి పెట్టలేదమ్మా. ఈ మూడిట్లోనే ఒకటి."

ధనుంజయ గోడ దగ్గరే ఆగిపోయాడు. "నేను ముందే ఆ ఏర్పాటు చేసుంటే అక్కా..."

"నువ్వు చూడమనే చెప్పినావు. నాలుగు చూసి ఊరకైతి." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

మొదటి దిబ్బ దాకా పోయి వంగబోయింది. కాదేమోననిపించి రెండోదాని వైపు తిరిగింది. అక్కడా చెయ్యి ఆగిపోయింది. ఏ మట్టికి మొక్కాలో తెలియక వాటి నడుమ నేల మీద కూలబడింది. చివరి బస్సు వేళ అవుతోందని ఎస్తేరమ్మ రెండుసార్లు పిలిచినా లేవలేదు.