ఎత్తు ముందా, అడ్డం ముందా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది కాబట్టి వాళ్ళు చెప్పేది నిజమే అయ్యుండాలి. తలుపుల కార్ఖానాలో ముప్ఫైరెండేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను. నేను బిగించిన తలుపు కిర్రుమంటే ఆ రోజు నాకు అన్నం సయించదు. అలాంటి నన్ను పట్టుకుని మా యజమాని ఒక సోమవారం పొద్దున లెక్కల పరీక్ష రాయమన్నాడు.

దీనికంతటికీ కారణం కొత్త మిషను. పడకగదంత బల్ల, దాని మీద ఇటూ అటూ పరిగెత్తే కత్తి. ఎక్కడ కోయాలో, ఎక్కడ బెజ్జం వేయాలో రెండు అంకెల్లో చెబితే అది సరిగ్గా అక్కడికి వెళ్ళి నిలబడుతుంది. ఆ అంకెలు ఇవ్వడం వచ్చినవాడికే దాని దగ్గర పని. మిషను కంపెనీ ఇంజనీరు పన్నెండు రోజుల్లో వచ్చి పరీక్ష పెడతాడట. తప్పితే నన్ను చెక్కకు గరుకు కాగితం పట్టే షెడ్డుకు మారుస్తారు, కోతంతా ఇక మిషనే చేస్తుంది కదా. ఆ షెడ్డులో ఎదుటి మనిషి మొహం కనబడనంత చెక్కపొడి. నాకు అసలే దగ్గు. అక్కడికి పంపితే మూడు నెలల్లో పని మానేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు. ఆ సంగతి నాకన్నా మా ఆవిడకు బాగా తెలుసు, అందుకే ఆవిడ కూడా బెంగపడింది.

కోడలు లెక్కల టీచరే కదా, అడగొచ్చు కదా అని ఆవిడ సలహా. కోడలి ముందు పుస్తకం పట్టుకుని కూర్చోవడమా అని నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు బెట్టు చేశాను. మూడో రోజు సాయంత్రం ఎవరూ పిలవకుండానే వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. కోడలు కాగితం, పెన్సిలు తెచ్చి ముందు పెట్టింది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

చెప్పడం మాత్రం బాగా చెప్పింది. గళ్ళ కాగితం మీద పడుకున్న గీత ఒకటి, నిలబడ్డ గీత ఒకటి. వాటిని అక్షాలంటారు. ఏ చుక్కకైనా రెండు అంకెలు, ముందుది ఎక్స్, తర్వాతది వై. సమీకరణంలో ఎక్స్‌కు ఒక అంకె ఇస్తే వై ఎంతో తేలుతుంది. అలా మూడు చుక్కలు పెట్టి కలిపితే గీత వస్తుంది. చుక్క ఆ గీత మీద ఉంటే సమీకరణానికి అది జవాబు, లేకపోతే కాదు. ఈ మాట నాకు తెగ నచ్చింది. చౌకట్లో తలుపు కూర్చుంటుంది, లేదా కూర్చోదు, మధ్యలో నసుగుడు ఉండదు. పడుకున్న గీతే ఎక్స్ అని కూడా ఆమె చెప్పిందట. ఆ సమయంలో నేను ఆమె స్కేలు వంకరగా ఉందని వాదిస్తున్నాను.

మొదట్లోనే కష్టమైనవి ఇస్తే మావయ్య పుస్తకం విసిరికొడతారని ఆమె భయం. అందుకని ఎక్స్, వై కలిపితే ఎనిమిది, కలిపితే పది, ఇలాంటివే ఇచ్చి గీయించింది. మిగతా రకాలకు లెక్క కట్టి పట్టిక వేయించిందే గానీ గీత గీయించలేదు, ఆమెకు దిద్దాల్సిన పేపర్లు గుట్టలా పడి ఉన్నాయి. నా గీతలన్నీ సరిగ్గా వచ్చాయి. చూసి టిక్కు పెట్టేది, నేను మా ఆవిడకు చూపించుకునేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం కోడలు నా ప్రాణం తీసింది. గీత అయ్యాక, అది అక్షాన్ని ఎక్కడ దాటుతుందో చూసి, అక్కడి అంకెల్ని సమీకరణంలో పెట్టి సరిచూడాలట. అన్నీ సరిపోయాక మళ్ళీ చూడటం ఏమిటి, చాదస్తం కాకపోతే, అన్నాను.

"మీరు తలుపు బిగించాక ఎన్నిసార్లు తెరిచి మూస్తారు మావయ్యా?" అంది.

నేను మళ్ళీ పెన్సిలు తీసుకున్నాను.

పరీక్ష రోజు యజమాని గదిలో నేనూ, ఆ ఇంజనీరూ. అక్షాలు ముందే అచ్చువేసిన గళ్ళ కాగితం ఇచ్చాడు. పైన y = 2x + 1 అని ఉంది. అరగంట సమయం. ఎక్స్ ఒకటైతే వై మూడు, రెండైతే అయిదు, మూడైతే ఏడు. చకచకా పట్టిక వేశాను, చుక్కలు పెట్టాను, స్కేలు ఆనించాను. వెంట్రుకవాసి తేడా లేకుండా మూడూ ఒకే వరసలో ఉన్నాయి. గీత గీసేసరికి ఇంకా సగం సమయం మిగిలే ఉంది. భేష్ అని నన్ను నేనే మెచ్చుకుని, కాగితం ఇచ్చేయబోయాను. చెయ్యి చాచాక కోడలి మాట గుర్తొచ్చింది. సరే, ఆ ముచ్చటా తీర్చేద్దామని మళ్ళీ కూర్చున్నాను.

నా గీత పడుకున్న అక్షాన్ని ఒకటి దగ్గర దాటింది. ఆ అక్షం పక్కన ఎక్స్ అని అచ్చువేసి ఉంది. అంటే అక్కడ ఎక్స్ ఒకటి, వై సున్నా. సమీకరణంలో పెట్టాను. రెండు ఒకట్లు రెండు, ఒకటి కలిపితే మూడు. వై మూడు రావాలి. నా గీత సున్నా అంటోంది.

పట్టిక చూశాను, ఒప్పే. గీత చూశాను, తిన్నగానే ఉంది. మొదటి చుక్క మీద వేలు పెట్టి, అది ఎలా పెట్టానో మళ్ళీ చేసి చూశాను. ఒకటి పైకి, మూడు పక్కకు. అప్పుడు తెలిసింది నా ఘనకార్యం. తలుపుల పనిలో కొలత ఎవరు చెప్పినా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఏడు, మూడు అంటే ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. రెండంకెలు చెవిన పడితే చాలు, ముప్ఫైరెండేళ్ళుగా నా చెయ్యి ముందు పైకే పోతుంది. ఇంట్లో వేసిన చుక్కలూ అన్నీ తిరగబడ్డవే. కాకపోతే ఒకటీ ఏడూ కలిపినా ఎనిమిదే, ఏడూ ఒకటీ కలిపినా ఎనిమిదే. గీత మారదు. అది అక్షాల్ని దాటేదీ రెండు వైపులా ఎనిమిది దగ్గరే. ఇక దొంగ ఎలా దొరుకుతాడు? ఇన్నాళ్ళూ తప్పు చుక్కలతో ఒప్పు గీతలు గీశాను.

ఇంకో కాగితం ఇవ్వమన్నాను. ఇంజనీరు గడియారం చూసి ఏడు నిమిషాలే ఉన్నాయన్నాడు. ముందు పక్కకు, తర్వాత పైకి. ముందు పక్కకు, తర్వాత పైకి. చుక్క చుక్కకూ గొణుక్కుంటూ పెట్టాను. ఈ గీత నిలబడ్డ అక్షాన్ని ఒకటి దగ్గర దాటింది. ఎక్స్ సున్నా, వై ఒకటి. సమీకరణంలో పెట్టాను. రెండు సున్నాలు సున్నా, ఒకటి కలిపితే ఒకటి. సరిపోయింది. బతికిపోయాను అనుకున్నాను. కోడలు ఎదురుగా ఉంటే అక్కడికక్కడే దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇంజనీరు నన్ను మిషను దగ్గరికి తీసుకెళ్ళి ఒక పలక మీద బెజ్జం వేయించాడు. అది పడాల్సిన చోటే పడింది. మొదటి కాగితం ఎందుకు మార్చావని అడిగితే దాచకుండా చెప్పాను. అతను చాలాసేపు నవ్వి, సోమవారం నుంచి మిషను నాదేనన్నాడు.

ఇంటికి వెళ్ళి జేబులోంచి ఆ పాడైన కాగితం తీసి కోడలి ముందు పెట్టాను. ఆమె చుక్కలు చూసింది, నన్ను చూసింది, మొహం చిన్నబుచ్చుకుంది.

"తప్పు నాది మావయ్యా. గీత చూసి టిక్కులు పెట్టాను గానీ చుక్కలు చూడలేదు."

"పోనీలే తల్లీ. సరిచూడమని నా ప్రాణం తీసింది కూడా నువ్వే కదా. ఆ షెడ్డుకు పోకుండా బతికిపోయాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి తేరుకుని ఆ కాగితం తనకిమ్మంది, క్లాసులో గోడకు పెట్టి పిల్లలకు చూపిస్తుందట. నా తప్పు ఊరందరికీ చూపిస్తావా అని గయ్యిమన్నాను. ఎవరిదని అడిగితే ఏం చెబుతావన్నాను.

"మా మావయ్యది, తప్పు తనే పట్టుకున్నారని చెబుతాను."

కాగితం ఆమె చేతికిచ్చేశాను. ఉత్త కాగితం గోడ మీద చిరిగిపోతుంది, ఒక ఫ్రేము చేసిస్తానన్నాను. పొద్దున్నే టేపు తీసి కాగితం కొలిచాను. నేను చెబుతుంటే కోడలు రాసుకుంది.

"పన్నెండు, ఎనిమిది," అన్నాను.

ఆమె పెన్సిలు ఆపి, "ఏది ముందు మావయ్యా?" అంది.

"ఎత్తే. ఇది నా పని," అన్నాను, మా ఆవిడ కూడా నవ్వింది.