బ్రేకు పట్టని బండి

నేను ఒక తోపుడు బండిని. తోపుడు బండి అనగానే మీకు అరటిపళ్ళో, మిరపకాయ బజ్జీలో గుర్తొస్తాయేమో, నాకంత అదృష్టం లేదు. విహార నౌకలో గదుల ముందున్న నడవాలో దుప్పట్లు, తువ్వాళ్ళు, సబ్బులు, షాంపూ సీసాలు మోసుకుంటూ తిరిగిన బండిని. ఇప్పుడు ఒక రేవు వెనక తుక్కు షెడ్డులో, పగిలిన వాష్‌బేసిన్‌కీ కాలు విరిగిన పడక్కుర్చీకీ మధ్య నిలబడి ఉన్నాను. వాటితో మాట్లాడదామంటే వాటికి తెలుగు రాదు.

నాకెలా వచ్చిందనేగా మీ అనుమానం? చెప్తాను, కాస్త ఆగండి.

పుట్టింది ఏదో దూరదేశపు కర్మాగారంలో. ఇనుప చట్రం బిగించి, చక్రాలు తొడిగి, ఒకసారి ముందుకీ వెనక్కీ తోసి చూసి ఓడెక్కించారు. అక్కడ ఎన్ని చేతులు మారానో! ఒకడు ఈలలు వేస్తూ తోసేవాడు. ఒకడు కోపమొస్తే తన్నేవాడు. ఇంకొకతను సామాన్ల గదిలో తలుపేసుకుని నా తువ్వాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడ్చేవాడు. ఏడ్చిన తువ్వాలును మళ్ళీ మడిచి పైన పెట్టేవాడు కాదు, మాసినబట్టల సంచిలో వేసేవాడు. అంత మర్యాదస్తుడు. వాళ్ళెవరూ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. బండితో మాట్లాడేదేమిటి, మనుషులతో మాట్లాడటానికే అక్కడ తీరిక లేదు.

ఆ నడవా సంగతి మీకు చెప్పాలి. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. రెండు వైపులా తలుపులే, కిటికీ అన్నది లేదు. పగలూ రాత్రీ ఒకటే దీపం వెలుగు. ఇన్నేళ్ళు సముద్రం మీద తిరిగి కూడా నేను సముద్రాన్ని చూడలేదంటే నమ్ముతారా? ఓడ ఒరిగినప్పుడు చక్రాల కింద తెలిసేది, అంతే. అతిథులు మాత్రం రోజూ దాన్ని చూసొచ్చి, ఐస్‌క్రీమ్ నాకుతూ నన్ను తప్పుకుని పోయేవారు. వేలకు వేలు పోసి గది తీసుకున్న పెద్దమనుషులు, ఎవరూ చూడటం లేదనుకుని నా మీది షాంపూ సీసాలు జేబులో వేసుకునేవారు. నేను చూస్తున్నానని వాళ్ళకేం తెలుసు!

అలాంటి రోజుల్లో పైడిరాజు వచ్చాడు. భీమిలి దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. మొదటి రోజే నా పిడి పట్టుకుని రెండడుగులు తోశాడో లేదో, ముందు ఎడమ చక్రం కీచుమంది.

"ఓసి నీయమ్మ కడుపు సల్లగుండ! ఏటే, మొదట్రోజే గొడవెట్టేసినావు?" అన్నాడు.

నేను బిత్తరపోయాను. నాతోనే! ఆ నడవాలో పనివాళ్ళు అతిథులకు గుడ్ మార్నింగ్ చెప్పి నవ్వాలి తప్ప సొంత కబుర్లు కూడదు. అందుకని తల వంచుకుని గొణిగినట్టు మాట్లాడేవాడు. చూసినవాళ్ళు తువ్వాళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడనుకునేవారు. "మా అయ్య సముద్రంలోకెల్తే సేపలు పడేవి, నానొస్తే దుప్పట్లు పడ్డాయే" అని వాపోయేవాడు. పెళ్ళాం వండే చేపల పులుసు గురించి చెప్తూ చెప్తూ గుటకలు వేసేవాడు. అలా విని విని నాకు తెలుగు వచ్చేసింది. మాటలన్నీ ఆయనవే. మీ ముందుకొస్తున్నాను కదా అని కాస్త ఇస్త్రీ చేసుకున్నాను.

నాకు చక్రంతో పాటు ఇంకో జబ్బు, బ్రేకు పట్టేది కాదు. ఓడ కాస్త ఊగితే జారిపోయేదాన్ని. సూపర్‌వైజరు ఆంటోనీ గోవా మనిషి. నోరు పెద్దదే గానీ మనసు మెత్తన. నన్ను చూసినప్పుడల్లా "దీన్ని తీసి పారేద్దాం, కొత్తది తెప్పిస్తాను" అనేవాడు.

"వద్దు సార్, దీని ఒడుపు నాకు తెలుసు. చక్రం కింద రబ్బరు ముక్క పెట్టుకుంటాను" అని పైడిరాజు వచ్చీరాని హిందీలో బతిమాలేవాడు. ఆంటోనీ అటు వెళ్ళగానే నా వైపు తిరిగి, "నువ్వు పోతే నానెవుల్తో మాటాడాలే?" అనేవాడు. ఆ మాట మొదటిసారి విన్న రోజు, నేనూ ఒకరికి కావలసినదాన్నే అని పొంగిపోయాను.

ఇక ఆ రోజు. పొద్దుట్నించీ ఆయన మాట తక్కువగా ఉంది. ఛాతీ రుద్దుకుంటూ, "గేసేమోనే. ఈ వరస గదులైపోతే కూకుంటాను" అన్నాడు. మనుషులింతే, గుండె పిలుస్తుంటే పొట్ట మీదికి తోసేస్తారు. ఒక గది తలుపు బార్లా తీసి, అలవాటు ప్రకారం నన్ను గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి లోపలికి వెళ్ళాడు. చక్రం కింద రబ్బరు ముక్క పెట్టడం మర్చిపోయాడు. అదేమిటి, ఎన్నడూ మర్చిపోడే అనుకుంటుండగానే లోపల ధబ్బుమని చప్పుడైంది. తర్వాత కుళాయి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

గుమ్మానికి బండి అడ్డంగా ఉందంటే లోపల మనిషి పనిలో ఉన్నాడని ఓడలో అందరికీ గుర్తు. ఆ గుర్తే ఆయన కొంప ముంచింది. ఒక జంట విసుక్కుంటూ నన్ను రాసుకుని పోయింది. ఒక మహానుభావుడు తాపీగా నిలబడి సబ్బులు ఏరుకున్నాడు, పైడిరాజు ఆయనకి నాలుగడుగుల దూరంలోనే పడి ఉన్నాడు. ఆంటోనీ కూడా నడవా మలుపు దాకా వచ్చి, నన్ను చూసి, పని జరుగుతోందిలే అని నిశ్చింతగా వెనక్కి తిరిగాడు. ఎవరైనా లోపలికి తొంగిచూసినా కనపడకుండా నా తువ్వాళ్ళ దొంతరే అడ్డం. నన్ను బతికించుకున్న మనిషి చావుకు నేనే తెర కట్టినట్టుంది. అరవడానికి నోరు లేనందుకు ఆ రోజు ఏడ్చినంతగా నేనెప్పుడూ ఏడవలేదు.

అప్పుడు ఓడ ఒరిగింది.

నేనేదో సాహసం చేశానని గొప్పలు పోను. సముద్రం తోసింది, కదిలాను. కాకపోతే ఆపుకోవాలని మాత్రం చూడలేదు. కీచుమంటూ పోయి ఎదురు గది తలుపును దఢేలున గుద్దాను. ఆ గదిలో ఒంటరిగా ఒక ముసలావిడ. తన జోలికి రావద్దనే చీటీ ఆ తలుపుకి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఆవిడ తలుపు తీసింది. జుట్టు గబగబా సర్దుకున్నట్టుంది, పెదాలకి రంగు సగమే పూసుకుంది. ఎవరో తన కోసం తలుపు తట్టారనుకుంది పాపం. ఎదురుగా నేను. ఆవిడ ముఖం వాడిపోవడం చూసి నాకే సిగ్గేసింది. అంతలో ఆవిడ చూపు నన్ను దాటి ఎదురుగుమ్మంలోకి పోయింది, స్నానాలగది దగ్గర రెండు పాదాలు కనపడ్డాయి. కెవ్వున అరిచింది.

పరుగులు, కేకలు, స్ట్రెచరు. ఆయన్ని నా పక్క నుంచే మోసుకుపోయారు. కళ్ళు మూసే ఉన్నాయి. ఊడిపోయిన ఒక బూటును ఎవరో తీసి నా పై అరలో పెట్టారు. తర్వాతి రేవులో ఆయన్ని దించేశారని విన్నాను. బతికాడా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు. బండికి ఎవరు చెప్తారు?

ముసలావిడను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం, అదుపు తప్పి అతిథి తలుపును గుద్దినందుకు, ఎర్ర చీటీ కట్టి సామాన్ల గది మూలకి నెట్టారు. పనికిరానిదని దాని అర్థం. నా చోటికి తళతళలాడే కొత్త బండి వచ్చింది. దాన్ని తోసే కుర్రాడి చెవుల్లో ఎప్పుడూ పాటలే. ఆ బూటును చూసుకుంటూ నేను మూలన ఉండిపోయాను. ఒకనాడు ఆంటోనీ వచ్చి అదీ తీసుకుపోయాడు. ఎవరికి పంపుతున్నాడో, ఎక్కడ పారేస్తున్నాడో చెప్పలేదు. బూటు పోయాక నా గుండె చెరువైంది.

ఓడ ఒక రేవులో ఆగిన రోజు, ఫోన్లు బాగా పలికే చోటది, ఆంటోనీ ఫోను చెవి నుంచి దించి అవతలి మనిషి కనపడేలా ముఖానికి ఎదురుగా పట్టుకుని సామాన్ల గదిలోకి వచ్చాడు.

"సార్, నా బండేది? ఒక్కసారి చూపించండి సార్."

పైడిరాజు! బతికే ఉన్నాడు! నాలో ప్రతి మేకూ లేచి నిలబడింది. ఆంటోనీ నా వైపు చూశాడు, ఎర్ర చీటీ చూశాడు. ఒక్క క్షణం తటపటాయించి, ఫోనును పక్కనే ఉన్న కొత్త బండి వైపు తిప్పాడు.

"ఇదిగోనయ్యా, రంగు వేయించాం."

పైడిరాజు వెంటనే తెలుగులోకి దిగిపోయాడు. "ఓలమ్మో! నిగనిగలాడిపోతన్నావు కదే! నాకు గుండెకాడ ఏదో గొట్టం ఏసినారే. ఇంక ఓడెక్కొద్దన్నారు. ఆ దినం నువ్వు కదిలినావంట, అందుకే నాను ఇయ్యేల నా పెళ్ళాం పక్కన కూకున్నాను. నిన్ను మర్సిపోతానేటి?" గొంతు తగ్గించి అడిగాడు. "నీతోటి ఎవులైనా మాటాడతన్నారేటే?"

ఒక్క అంగుళం కదిలితే చాలు, నా చక్రం కీచుమనేది, ఆ చప్పుడు ఆయన ఎక్కడున్నా పోల్చుకునేవాడు. కానీ ఓడ రేవుకు తాళ్ళతో కట్టేసి ఉంది. నీళ్ళలో కదలికే లేదు. ఎంత కొట్టుకులాడినా ఉన్నచోటే ఉండిపోయాను.

ఫోను పెట్టేశాక ఆంటోనీ నా దగ్గరికొచ్చి, "ఏం చేయను చెప్పు?" అన్నాడు. నాతో ఆయన అన్న మొదటి మాట, ఆఖరి మాట అదే. తనే నన్ను తోసుకుంటూ వెళ్ళి సామాన్లు దించే ద్వారం దగ్గర వదిలాడు. అక్కడే మొదటిసారి సముద్రాన్ని చూశాను. అమ్మో, ఎన్ని నీళ్ళు! పైడిరాజు పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఈ షెడ్డులో నేల కదలదు, బ్రేకుతో పనే లేదు. మీలో ఎవరైనా భీమిలి వైపు వెళ్తే, పైడిరాజు కనపడితే, ఆయన ఆ రోజు పలకరించింది నన్ను కాదని మాత్రం చెప్పకండి. నిగనిగలాడుతూ ఉందనే చెప్పండి. రోజూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారని చెప్పండి. ఎడమ చక్రం ఇంకా కీచుమంటోందని కూడా చెప్పండి, అప్పుడు నమ్ముతాడు.