వెనక సిలిండరూ, ఇంటి కిటికీలూ

డ్రాయింగు మాస్టారికి మూసిన కిటికీ కనిపిస్తే ఊపిరాడదు. ఆయన భార్యకు తెరిచిన కిటికీ కనిపిస్తే తుమ్ములొస్తాయి. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఆయన తెరవడం, ఆవిడ మూయడం, ఇదే భాగోతం. మధ్యలో ఆవిడ అత్తగారు మాత్రం, "మీ ఇద్దరి ధాటికీ ఆ కిటికీ రెక్కలే ముందు ఊడిపడతాయి, చూస్తుండండి" అని నవ్వుకునేవారు.

అలాంటి మాస్టారు విమానం కట్టారు. నవ్వకండి, నిజం విమానమే! పెరటి షెడ్డులో ఏళ్ళ తరబడి రేకులు కోసి, బిగించి, రెండు సీట్ల విమానాన్ని నిలబెట్టారు. ఆవిడకు సోఫాలు కుట్టే కొట్టుంది కాబట్టి సీట్ల పని ఆవిడ మీద పడింది. ఎడమ సీటు ఆయన కొలతకు కుట్టింది. కుడి సీటు ఎవరి కొలతకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తన నడుముకే కుట్టుకుంది. ఒక్కసారి పైకెళ్ళి చూడాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఈ వయసులో ఆకాశం మీద మోజేమిటని నలుగురూ నవ్వుతారని సిగ్గు, అంతే.

చిక్కల్లా ఇంజనుతో వచ్చింది. పైకెగిరితే ఎదురుగాలికి ఇంజను దానంతటదే చల్లబడుతుంది. నేల మీద నిలబెట్టి నడిపితే ప్రొపెల్లరు విసిరే గాలే దిక్కు. అది చాలక, వెనక ఎడమవైపు సిలిండరు పెనంలా కాలిపోతోంది. విమానం ఎగరొచ్చో లేదో తేల్చే ఇన్‌స్పెక్టరు వచ్చిన రెండుసార్లూ, వేడి చూపే మీటరు ముల్లు ఎరుపులోకి ఎక్కి కూర్చుంది.

"మాస్టారూ, మీ పనంటే నాకు గౌరవమే. కానీ మూడోసారి కూడా ఇదే తంతయితే ఇంజను విప్పి, చేసినవాళ్ళకి తిరిగి పంపాల్సిందే. నేను సంతకం పెట్టను" అని ఆయన ఖరాఖండిగా చెప్పి వెళ్ళాడు.

ఆ మూడోసారి ఇవాళే, మధ్యాహ్నమే. ఇంజను ఒకసారి వెళ్ళిందంటే మళ్ళీ బిగించే ఓపిక ఈయనకు మిగలదని ఆవిడకు తెలుసు. కుడి సీటు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోవడం కళ్ళముందే కనిపించింది.

ఇంతకీ మాస్టారు చేస్తున్న వైద్యమేమిటి? ఉక్కపోస్తే ఏం చేస్తారు? కిటికీ తెరుస్తారు! మొదటిసారి ముల్లు ఎక్కగానే ఇంజను మీది రేకు తొడుగుకు పైన ఒక కన్నం కోశారు. రెండోసారికి పక్కన ఇంకో రెండు. పొద్దున్నే ఆవిడ షెడ్డులోకి వచ్చేసరికి మళ్ళీ రేకు కత్తెర పట్టుకుని నిలబడ్డారు.

"మీ చేతికి దండం పెడతాను, ఆ కత్తెర కింద పెట్టండి. విమానమా, జల్లెడా?"

"గాలాడాలే! గాలాడకపోతే చల్లబడేదెలా?"

"ఆడుతోందో లేదో చూశారా మీరు?"

ఇంట్లో ఎక్కడినుంచైనా చలిగాలి కొడితే, ఆవిడ కిటికీ అంచుల వెంట ఒక దారప్పోగు పట్టుకుని తిరుగుతుంది. పోగు ఎక్కడ ఎగిరితే అక్కడ గుడ్డ కుక్కుతుంది. ఇప్పుడూ అదే పని చేసింది. ప్రతి కన్నం అంచుకూ ఒక పోగు, గాలి బయటికి పోవడానికి అడుగున వదిలిన దారి దగ్గర ఒక పోగు అంటించింది. తరవాత విమానాన్ని గాలికి ఎదురుగా నిలబెట్టి, చక్రాలకు దిమ్మలు వేసి, తోకను గుంజకు కట్టారు. మాస్టారు ఎక్కి ఇంజను ఆన్ చేశారు.

అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని దూరంగా కుర్చీలో కూర్చున్నారు. మొదట కనిపెట్టింది ఆ పెద్దావిడే.

"అమ్మాయ్! పైన పోగులన్నీ గంతులేస్తున్నాయి, కిందది చచ్చినట్టు పడుందేమే?"

నిజమే. ముందునుంచి దూరిన గాలి సిలిండర్ల మధ్యనుంచి కిందికి దిగాలి కదా. సులువుగా పోయే దారి దొరికితే కష్టపడి సిలిండర్ల చుట్టూ తిరగడానికి దానికేం పట్టింది? పైకన్నాల్లోంచే చక్కా చెక్కేస్తోంది. మాస్టారు ఇంజను ఆపి దిగివచ్చి, ఆ పోగుల వంక చూస్తూ తల గోక్కున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ చల్లబరుస్తున్నాననుకుంటూ నేనే ఉడకేస్తున్నానన్నమాట!" అని పకపకా నవ్వారు. "కానీయ్. మూసెయ్. ఎన్నాళ్ళనుంచో ఈ మాట కోసమేగా కాచుక్కూర్చున్నావు."

ఆ మాట వినగానే ఆవిడకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. కొట్టులోంచి రబ్బరు షీటు తెచ్చి కత్తిరించింది, ఆయన పైన రేకు ముక్కలు పెట్టి బిగించారు. కన్నాలయ్యాయి. సందులయ్యాయి. అదే ఊపులో, ఆయన స్క్రూలు వెతుక్కుంటుండగా ఆవిడ అడుగునున్న దారికి కూడా సగందాకా రబ్బరు కుక్కేసింది. ఇంజను ఆన్ చేశారో లేదో, ముల్లు మునుపటికన్నా జోరుగా పైకి పాకింది!

"అయ్యో అయ్యో! ఆపండి, ఆపండి!" ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. అంతా తనే చెడగొట్టానేమోనని ఒకటే భయం.

మాస్టారు ఇంజను ఆపి దిగి, వంగి అడుగున చూశారు. కోప్పడలేదు. రబ్బరు ముక్కను బయటికి లాగి ఆవిడ చేతిలో పెట్టారు.

"వచ్చినదాన్ని పోనివ్వాలి కదే. పైన నీ మాట, కింద నా మాట. సరేనా?"

"సరే" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. అత్తగారు కుర్చీలోంచే, "హమ్మయ్య, ఒక్క దాని దగ్గరైనా రాజీకొచ్చారు!" అన్నారు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఇంజను చల్లారి ఉంది. మళ్ళీ ఆన్ చేశారు. ఇన్‌స్పెక్టరు ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. అది మెల్లగా లేచింది, పచ్చగీత దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఆయన ఆపమనేదాకా ఇంజను హాయిగా నడుస్తూనే ఉంది. అడుగున కట్టిన పోగు మాత్రం తెగిపోతుందేమో అన్నంతగా కొట్టుకుంటోంది. ఆవిడ ఆనందం పట్టలేక అత్తగారిని వాటేసుకుంది.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, విమానంలోకి తొంగిచూశాడు.

"సీట్లు భలే ఉన్నాయి మాస్టారూ. ముందు కొన్నాళ్ళు మీరొక్కరే ఎగరాలి, అది రూలు. ఆ తరవాత ఈ కుడి సీటెవరికి?"

"నేను కొలతలు తీసి చూశాన్లెండి" అన్నారు మాస్టారు, భార్య వంక ఓరగా చూస్తూ. "మా ఇంట్లో ఆ కొలత మనిషి ఒక్కతే ఉంది. అడుగుతుందేమోనని ఇన్నాళ్ళూ చూశాను, అడగదే!"

ఆవిడ ముఖం ఎర్రబడింది. కుడి సీటు దగ్గరికి వెళ్ళి, పక్కనున్న చిన్న అద్దాన్ని వేలితో మెల్లగా నెట్టి చూసింది.

"ఏమండీ," అంది, "పైకెళ్ళాక ఈ కిటికీ తెరుచుకోవచ్చా?"