ఎడమ మణికట్టు

దర్జీ మాస్టారి కుడిచెయ్యి నలభై ఏళ్లు కత్తెర పట్టింది. పక్షవాతం వచ్చిన రోజు నుంచి తువ్వాలు కూడా పట్టనని మొండికేసింది. కాలు రెండు నెలల్లో దారికొచ్చింది. మాట అసలు పోనేలేదు. పోయుంటే ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉండేదని ఆయన భార్య నవ్వేది. చెయ్యి మాత్రం అలిగిన అల్లుడిలా ఓ మూల కూర్చుంది.

ఆసుపత్రిలో ఇలాంటివారి కోసం ఓ పరిశోధన జరుగుతోంది. గడియారంలాంటి బ్యాండు కట్టుకుంటే, ఆ చెయ్యి రోజుకు ఎన్నిసార్లు కదిలిందో అది లెక్కపెట్టి ఫోనుకూ, ఫిజియోథెరపిస్టుకూ పంపుతుంది. ఆ అంకెను బట్టి ఆ అమ్మాయి వారానికి రెండుసార్లు ఫోన్లోనే వ్యాయామం నేర్పుతుంది. బ్యాండు కుడిచేతికే ఉండాలని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ సమయానికి భార్య మందుల వరుసలో నిలబడి ఉంది.

ఆమె తానే కట్టి పంపిన మొదటి రోజు అంకె ఇరవై. రెండోరోజు నుంచి ఆరేడు వందలు. మూడు వారాలకు తొమ్మిది వందలు దాటింది. ఫిజియోథెరపిస్టు పొంగిపోయి ఫోను చేసింది. ఇంత త్వరగా కోలుకున్నవారిని చూడలేదనీ, వచ్చేవారం నుంచి పాఠాలు ఆపి ఆ చోటు మరొకరికి ఇస్తామనీ చెప్పింది. భార్యకు కాలు నేలమీద నిలవలేదు. ఇరుగుపొరుగుకు చెప్పొచ్చింది. మూటగట్టి దాచిన కత్తెరకు నూనె రాసి బల్లమీద పెట్టింది.

మాస్టారు అప్పుడు చూసుకున్నారు. బ్యాండు ఎడమ మణికట్టుకు ఉంది.

అలవాటులో పొరపాటు అంటే ఇదే. దుకాణం తెరిచిన ప్రతి పొద్దునా ఆయన ఎడమచెయ్యి చాపేవారు, ఆవిడ గుండుసూదులు గుచ్చే చిన్న దిండును ఆ మణికట్టుకు కట్టేది. ఇప్పుడూ ఆయన అదే చెయ్యి చాపారు, ఆవిడ అక్కడే బ్యాండు కట్టింది. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.

చెబితే ఆవిడ సంబరం నీరుగారిపోతుంది. చెప్పకపోతే పాఠాలు ఆగిపోతాయి, కుడిచెయ్యి ఇక ఎప్పటికీ ఇంతే. రేపు చెబుదాంలే అనుకుంటూ రెండు రోజులు గడిపారు. మూడోరోజు ఆవిడ కొత్త జాకెట్టు ముక్క తెచ్చి కత్తెర పక్కన పరిచింది. మొదటి బట్ట తనదేనంది.

"నా చేత కాదే," అన్నారు మాస్టారు. "బ్యాండు ఎడమచేతికి ఉంది. ఆ తొమ్మిది వందలూ దీనివి. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

ఆవిడ ఆయన మణికట్టు వంక చూసింది.

"కట్టింది నేనేగా," అంది, ఫోను కలిపి ఆయనకు అందిస్తూ.

ఫిజియోథెరపిస్టు అంతా వింది. "చెప్పి మంచిపని చేశారు మాస్టారూ. పాఠాలు ఆపం. అంకె చిన్నదైనా నాకు కావలసింది కుడిచేతిదే," అంది.

మర్నాడు పొద్దున ఆవిడ బ్యాండు కుడిచేతికి కట్టింది. ఎడమచెయ్యి మామూలుగానే ముందుకొచ్చింది. ఆవిడ పెట్టెలోంచి పాత సూదుల దిండు తీసి దానికి కట్టింది.

"ఇప్పుడు నాకు సూది కావాలి. ఏ చేత్తో తీసిస్తారు?" అంది.

ఆ దిండును అందుకోవాలంటే కుడిచెయ్యి తప్ప గతిలేదు. మొదటి సూది పట్టుకోవడానికి పావుగంట పట్టింది. అది జారి నేలమీద పడింది. ఆయన నుదుట చెమట పట్టింది, కోపం కూడా వచ్చింది. ఆవిడ జాకెట్టు ముక్క ఒళ్లో పెట్టుకుని, చెయ్యి చాపి, తొందరపెట్టకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి నాలుగు సూదులు ఆవిడ అరచేతిలోకి చేరాయి.

సాయంత్రం ఫోన్లో ముప్పై ఒకటి అని వచ్చింది. తొమ్మిది వందల్ని వీధంతా చెప్పొచ్చిన మనిషి ఈ అంకెను ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు చూసుకుని, కళ్లు తుడుచుకుని, మర్నాటి కోసం ఆ నాలుగు సూదులనూ మళ్లీ దిండులో గుచ్చింది, ఈసారి తలలు కాస్త పైకి ఉండేలా.