గీకుడు పట్టీ

బయట బూటు గీసిన చప్పుడు వినగానే కిందమ్మ పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టింది. ముందు కుడి బూటు, తర్వాత ఎడమ బూటు. కిటికీలోంచి చూస్తే మోకాళ్ళ దాకా ఆయనే. ఆ వీధిలో ఆమెకు అందరూ మోకాళ్ళ దాకానే తెలుసు.

వీధికి ఒక పక్క పార్కు. ఇంకో పక్క ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఎర్ర ఇటుక ఇళ్ళు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే తీరు. తాగొచ్చినవాడు పక్కింటి తలుపు బాదడం ఇక్కడ మామూలే. కట్టించినవాడు ఒక్కడే మరి. డబ్బున్నవాళ్ళకు పార్కు బాగా కనబడాలని మొదటి అంతస్తుకు నిలువెత్తు కిటికీలూ, సన్నటి ఇనప బాల్కనీలూ పెట్టించాడు. పైకి పోయేకొద్దీ అద్దెలతో పాటు కిటికీలూ చిన్నవయ్యాయి. అన్నిటికన్నా పైన, వాలు కప్పు కింద, పనివాళ్ళు పడుకోవడానికో గది. అన్నిటికన్నా అడుగున, సగం నేలలో కూరుకుపోయిన వంటగది. ఆ పాత వంటగదే కిందమ్మ ఇల్లు. మెట్లు తుడిచి, గుమ్మం కడిగి, వచ్చేపోయేవాళ్ళను కనిపెట్టుకుని ఉండే మనిషి గనక దాన్ని ఆమెకిచ్చారు. పేరు కూడా ఆ గది ఇచ్చిందే.

గుమ్మం పక్కన రాతిలో పాతిన ఇనప పట్టీ ఒకటి ఉంది. వీధి ఇంకా బురదగా ఉన్న కాలంలో, లోపలికి వచ్చేవాళ్ళు బూట్ల మట్టి గీసుకోవడానికి ప్రతి ఇంటి ముందూ పెట్టారు. రోడ్డు పడ్డాక దాని సంగతి ఎవరికీ పట్టలేదు. కొందరు పీకించేశారు, కొందరు సైకిళ్ళు కట్టేస్తున్నారు. కిందమ్మ దాన్ని గీకుడు పట్టీ అంటుంది. వీధి మొత్తానికి దాన్ని వాడే మనిషి ఇప్పుడు ఆమె మొగుడొక్కడే. ఎదురుగా పార్కులో తోటమాలి.

"మట్టంతా మళ్ళీ పట్టీకే వదిలేశావా? రోజూ చెంచాతో తవ్వలేక చస్తున్నాను," అంది టీ అందిస్తూ.

"ఇంటి మట్టి ఇంటికి తెస్తే తప్పేంటే?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చెప్పే జోకు అదొక్కటే. అందులో అబద్ధమేమీ లేదు. ఈ ఇళ్ళ ఇటుకలకు మట్టి తవ్వింది ఎదురుగానే. తవ్విన గుంటలో నీళ్ళు నిలిచి చెరువైంది, చుట్టూ చెట్లు నాటితే పార్కైంది. వీధి వీధంతా ఆ గుంటలోంచి లేచిందే.

ఆ రోజు మాత్రం కిందమ్మకు నవ్వు రాలేదు. గోడలు చెమ్మెక్కిపోయాయని ఇంటావిడ కింది గదిని మూసేయిస్తోంది. పై గది ఇస్తాను, ఉంటారో లేదో సాయంత్రంలోగా చెప్పమంది. కిందమ్మ మనసు అప్పుడే పైకి వెళ్ళిపోయింది. ఈయన కదలడు.

"అన్ని మెట్లు నా వల్ల కాదే. ఆయాసం వస్తుంది."

"పని చెప్పినప్పుడే వస్తుంది నీకు ఆయాసం."

"నువ్వు వెళ్ళు పైకి. నేను పార్కులో పనిముట్ల గదిలో పడుకుంటాను."

"ఈ ఇంటికొచ్చిన నాటినుంచీ జనం కాళ్ళే చూస్తున్నాను. ఇప్పటికైనా తలకాయలు చూడనియ్యవా నన్ను?"

"తలకాయల్లో ఏముందే," అని ఆయన నవ్వి, గోడ పట్టుకుని లేచాడు.

"ఈ పూట ఆ మట్టి నేను తియ్యను. నువ్వే తీసుకో."

"సాయంత్రం తీస్తాలే," అని బూట్లు కిటికీ దాటిపోయాయి.

కిందమ్మ ఇంటావిడ దగ్గర తాళంచెవి తీసుకుని పై గది ఊడవడానికి బయల్దేరింది. మొదటి అంతస్తు దాకా మెట్లు పాలరాయి. తర్వాత నున్నటి చెక్క. ఆపైన ఉత్త పలకలు, మెట్ల పక్కన పట్టుకునే కర్రకు చెక్కడాలు కూడా లేవు. గదిలో విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. రంగు పట్టేసి బిగుసుకుపోయిన కిటికీని భుజంతో నెట్టింది. రెండో నెట్టుకి తెరుచుకుంది.

పార్కంతా ఒక్కసారిగా కనబడింది. చెరువు ఇంత గుండ్రంగా ఉంటుందని ఆమెకు తెలియదు. చెరువు పక్కన మొగుడి పూలమడి. వీధిలోంచి పార్కు కంచె కమ్మీల మధ్యగా చూస్తే కలగాపులగంగా ఉండేది. పైనుంచి చూస్తే పసుపు చుట్టూ ఎరుపు, ఎరుపు చుట్టూ తెలుపు, ఎక్కడా గీత తప్పలేదు. నేల మీద నిలబడి ఇది ఎలా వేశాడో, అసలు తనైనా ఎన్నడూ చూసుకున్నాడో లేదో. 'నీ తోట నువ్వే చూసుకోలేదయ్యా' అంటే చాలు, ఎక్కేస్తాడు అనుకుంది.

ఆయన మడి పక్కన బెంచీ మీద ఉన్నాడు. పార చెట్టుకు ఆనించి ఉంది. బట్టతల ఎండకు మెరుస్తోంది. గడ్డం మెల్లగా గుండెల మీదికి వాలింది.

"పనిదొంగ," అంది కిందమ్మ. నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఒళ్ళు హూనమైపోయిందంటాడు, ఇక్కడ చూస్తే ఈ భాగోతం. కిటికీ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసింది. ఆయన కదల్లేదు. చీకటితోనే లేచిన మనిషి, పడుకోనీలే అనుకుంది. పొద్దున అన్న మాటకు మనసు చివుక్కుమంది. ఎన్నాళ్ళకో ఆయన ముద్దొచ్చాడు.

దిగుతూ ఇంటావిడ తలుపు కొట్టింది.

"మేం పైకి వెళ్తాం అమ్మగారూ. ఆయన్ని నేను ఒప్పిస్తాను. ఆ పాత కుర్చీ ఒకటి మధ్య మెట్ల దగ్గర వేసుకోమంటారా? కాసేపు కూర్చుని ఎక్కుతాడు."

"వేసుకో. దానికేముంది," అంది ఇంటావిడ.

ఉన్నవాటిలో కాస్త గట్టి కుర్చీ చూసి, తుడిచి, మెట్ల మలుపులో గోడకు ఆనించి వేసింది. కింద వంట ముగించి, రెండు కంచాలు పెట్టుకుని బూటు చప్పుడు కోసం చెవి పెట్టి కూర్చుంది.

కిటికీ దగ్గరికి బూట్లు వచ్చాయి. ఆయనవి కావు. పార్కు వాచ్‌మన్‌వి. పట్టీ దగ్గర ఆగలేదు. ఒకడుగు ముందుకు వేశాయి, వెనక్కి వేశాయి, అక్కడే నిలబడిపోయాయి. కిందమ్మే వెళ్ళి తలుపు తీసింది.

"వదినా, ఒకసారి రా."

"బెంచీ మీద పడుకున్నాడు కదా. లేపకపోయావా?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. "లేపాను వదినా."

నలుగురూ పట్టి ఆయన్ని ఇంట్లోకి తెచ్చారు. ఎవరూ బూట్లు గీసుకోలేదు. నేలంతా మట్టైంది. ఎలా జరిగిందో, ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదంటున్నారు. ఆమెకు తెలుసు. ఆయన పోతున్నంతసేపూ తను చూస్తూ నవ్వుకుంది. ఆ మాట ఆమె అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

సాయంత్రం ఇంటావిడ కిందికి వచ్చి, "గది సంగతి తర్వాత చూద్దాంలే," అంది. కిందమ్మ తలూపింది.

జనం పలచబడ్డాక బకెట్టూ చెంచా తీసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. రాయి మీద ఎవరెవరి అడుగులో ఉన్నాయి, అన్నీ కడిగేసింది. పట్టీ దగ్గరికి వచ్చేసరికి చెంచా పక్కన పెట్టేసింది. ఇనుము మీద పొద్దుటి మట్టి, కుడి బూటుది ఒక పక్కా ఎడమ బూటుది ఒక పక్కా, ఇటుక గోడ రంగులోకి ఎండుతోంది.