చుక్క ముట్టని జయరాజు కాలేయం

వనపర్తి బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వివరాలు చెప్పేది జయరాజే. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ. ఆదివారాలు చర్చిలో తాగుడు మానమని అందరికీ చెప్పే పెద్ద కూడా ఆయనే.

2007 ఎండాకాలంలో కుడి డొక్కలో బరువుగా ఉంటోందని స్కానింగ్ తీయించుకున్నాడు. కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. రిపోర్టు తెచ్చి భార్య రజితకు చదివి వినిపించడమే ఆయన చేసిన తప్పు.

"లివర్ ఖరాబైందా? ఎన్ని దినాల సంది తాగుతున్నవ్?"

"ప్రభువు సాక్షి! ఒక్క చుక్క గూడ ముట్టలే."

"తాగనోనికి లివరెట్ల ఖరాబైతది? నన్నేమన్న పిచ్చిదాన్ననుకున్నవా?"

ఆమె అల్మారా వెతికింది. స్కూటర్ డిక్కీ వెతికితే నూనె మరకల బజ్జీల పొట్లం దొరికింది తప్ప సీసా దొరకలేదు. మర్నాడు మొగుణ్ని వెంటబెట్టుకుని దవాఖానకే పోయింది.

"మేడం, నిజం చెప్పుండ్రి. ఈయన తాగుతున్నడా, లేదా?"

డాక్టరమ్మ నవ్వింది. "తాగకపోయినా కాలేయానికి కొవ్వు పడుతుందమ్మా. రోజంతా కూర్చోవడం, నూనె తిండి, తీపి, పెరిగిన పొట్ట, ఇవి చాలు." తర్వాత జయరాజు వైపు తిరిగింది. "కాలేయం సంగతి అలా ఉంచండి. ఇలాంటివాళ్లకు గుండెజబ్బు భయం ఎక్కువ. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ కూడా చూద్దాం."

షుగరు లేదు. మిగతా రెండూ ఎక్కువే ఉన్నాయి. జయరాజు వాళ్ల అన్న యాభై ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. రజిత ఇక తాగుడు మాట ఎత్తలేదు.

మందులు మొదలుపెట్టాడు. బజ్జీలు మానాడు. మైకులో చెప్పడం అవగానే లేచి ప్లాట్‌ఫారాల వెంట తిరిగేవాడు. "గద్వాల పోయేటోళ్లు గిటు రండ్రి! అవ్వా, కొత్తకోట బస్సు గదే, ఉరకకు, జర నిలవడ్తది!" బోర్డులు చదవలేని ముసలివాళ్లకు ఇదే బాగుంది. సంచి అందుకోమనేవాళ్లు, కిటికీ పక్క సీటు చూడమనేవాళ్లు. సాయంత్రానికి కాళ్లు లాగేవి గానీ, పడుకోగానే నిద్ర పట్టేది.

ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. మళ్లీ స్కానింగ్ తీస్తే కాలేయంలో కొవ్వు బాగా తగ్గింది. బీపీ కూడా దారికొచ్చింది.

రజిత సంతోషం పట్టలేక డాక్టరమ్మ చేతులు పట్టుకుంది.

"మీరూ ఒకసారి బరువు చూసుకోండమ్మా," అంది డాక్టరమ్మ.

"నాకేమైంది మేడం? నేను మంచిగనే ఉన్న," అంటూనే బరువు మిషిన్ ఎక్కింది. ముల్లు జయరాజు బరువును దాటుకుని ముందుకు పోయింది.

"మీ మిషిన్ సక్కగ లేనట్టుంది," అంది రజిత. జయరాజు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పెబ్బేరు రోడ్డు మీద నడుస్తూ కనిపించారు. ఆమె రెండడుగులు ముందే ఉంది.