మూడు సీసాలు

దర్జీకి మాటలు తక్కువ. ఉన్న నాలుగూ తోడల్లుడి కోసమే దాచుకునేవాడు. వాళ్ల భార్యలైన అక్కాచెల్లెళ్లు ఆరేళ్ల కిందట మాటా మాటా అనుకుని రాకపోకలు మానేశారు. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ఫోను మోగితే చాలు, రెండిళ్లలోనూ రోజంతా రభసే. అందుకని మగాళ్లిద్దరూ సెల్‌ఫోనులో కత్తియుద్ధం ఆటలో కలుసుకునేవారు. ముసలాళ్లకు ఆటపిచ్చి పట్టిందని భార్యలు ఊరుకున్నారు.

బరిలో ఉన్నంతసేపే ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది. రోజుకు ఒక్కటే పోరు. అరనిమిషం దెబ్బ వెయ్యకపోతే ఆట ఇద్దర్నీ బయటికి నెట్టేస్తుంది. అందువల్ల కొట్టుకుంటూనే ఉండాలి, గాయాలు మాన్పే మందు తాగుతూనే ఉండాలి. మందుకు లెక్క లేదు. దర్జీ పొద్దున్నంతా ఆటలోని అడవిలో ఆకులు కోసి తొంభై సీసాలు కాచేవాడు. మధ్యాహ్నం గంటసేపు నరుక్కునేవారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి తోడల్లుడికి నాలుగు మాటలు గొంతు దాటడానికి ఆ గంట కావాలి.

"కొట్టు తమ్ముడూ... మొహమాటం... దేనికి?"

"కొడతాలే అన్నయ్యా. ముందు సీసా ఎత్తు, చచ్చేట్టున్నావ్."

దర్జీ కూతురు ఆ ఆట తయారుచేసే ఆఫీసులోనే పని చేస్తుంది. ఏ కత్తికి ఎంత దెబ్బ, ఏ మందుకు ఎంత బలం అని తూచడం ఆమె ఉద్యోగం. ఒకరోజు సాయంత్రం భోజనాల దగ్గర పకపకా నవ్వింది.

"నాన్నా, ఇద్దరు మహానుభావులున్నారు. రోజూ గంట కొట్టుకుంటారు, ఒక్కడూ చావడు! వాళ్ల పోరే మీటింగులో చూపించా. సీసాలు ఎక్కువున్నోడిదే రాజ్యమైతే చెయ్యి తిరిగినోడు ఏమైపోవాలి? రేపట్నుంచి పోరుకి మూడే సీసాలు."

దర్జీ ఓరకంట చూశాడు. భార్య పక్కనే కూర్చుని వడ్డిస్తోంది.

"న్యాయమేలే" అన్నాడు.

మర్నాడు తోడల్లుడి గొంతులో ఆదుర్దా ఉంది.

"తమ్ముడూ... మీ... వదినకి..."

దర్జీ కత్తి పక్కన పెట్టి ఉత్త పిడికిలితో తట్టాడు. ఆ పెద్దాయనకు కొత్త రూలు తెలియదు. వణికే వేలితో అలవాటుగా పెద్ద కత్తే విసిరాడు. మూడు సీసాలూ రెండు నిమిషాల్లో ఖాళీ. ఆటలోని దర్జీ బొమ్మ కూలిపోయింది, అవతలి గొంతు వినిపించడం ఆగిపోయింది.

ఆ మర్నాడు "కత్తి దించు అన్నయ్యా" అంటూనే ఉన్నాడు. అవతలి వేలు మాట వినలేదు.

"ఒంట్లో..." అన్నంతవరకే వినిపించింది.

మూడో రోజు బరిలోకి తోడల్లుడు రాలేదు. నాలుగో రోజూ రాలేదు. దర్జీ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అక్కకి ఒంట్లో ఏదో బాగా లేనట్టుంది."

గరిటె ఆగింది. "ఎవరు చెప్పారు?"

"మీ బావ. ఆటలో."

"ఒంట్లో ఏమైందిట?"

"అంతవరకే వినిపించింది" అన్నాడు దర్జీ. కంచం పట్టుకున్న కూతురు కదలకుండా తండ్రినే చూస్తోంది.

"ఆ ఇద్దరూ... నువ్వూ, పెదనాన్నానా?"

ఆయన తల ఊపాడు. కూతురు పెదనాన్న ఇంటికి ఫోను కలిపింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. భార్య అప్పటికే పొయ్యి ఆర్పి, చెప్పులు వెతుక్కుంటోంది.